ఒకే ఆల్బమ్, వేర్వేరు దేశాల ప్రెస్సింగులు: ఏళ్ల తరబడి విన్నాక

పాత ఎల్పీలు కొనేవాళ్లు మొదట అడిగేది ఇదే: జపాన్‌ది బాగుంటుందా, ఇంగ్లండ్‌ది బాగుంటుందా? 1960, 70లలో వచ్చిన రాక్, జాజ్, పాశ్చాత్య శాస్త్రీయ సంగీతం రికార్డుల్లో చాలావాటికి నా దగ్గర రెండు మూడు దేశాల్లో అచ్చయిన కాపీలు, అంటే ప్రెస్సింగులు, ఉన్నాయి. వాటిని మార్చి మార్చి చాలా ఏళ్లుగా వింటున్నాను. దేశం పేరు చూస్తే రికార్డు ఎంత నిశ్శబ్దంగా తిరుగుతుందో చాలావరకు ఊహించవచ్చు. సంగీతం ఎంత బాగా పలుకుతుందో చెప్పాలంటే అది చాలదు. చివరి పాటకీ లేబుల్‌కీ మధ్య, డెడ్ వాక్స్ అనే నున్నటి భాగంలో చెక్కిన అంకెలూ అక్షరాలూ చదవాలి.

ఎందుకంటే అసలు తేడా అచ్చు వేసే ఫ్యాక్టరీ కన్నా ముందే పుడుతుంది. మాస్టర్ టేపులోని సంగీతాన్ని కటింగ్ ఇంజనీరు మెత్తటి పూత పూసిన లాకర్ డిస్కు మీద గాడిగా కోస్తాడు. ఆ లాకర్‌కి లోహపు పూత వేసి ఫాదర్, దాన్నుంచి మదర్, మదర్ నుంచి స్టాంపర్ తీస్తారు. వేడి వినైల్‌ని నొక్కేది స్టాంపరే. ఒక్కో స్టాంపర్ కొన్ని వందల నుంచి ఒకటి రెండు వేల కాపీల దాకా పనికొస్తుంది. అసలు మాస్టర్ టేపు మామూలుగా రికార్డింగ్ జరిగిన దేశంలోనే ఉండిపోతుంది. బయటి దేశాలకు పంపేది టేపు కాపీ, లేదంటే తయారైన లోహపు అచ్చులు. టేపు కాపీ వెళ్తే అక్కడి ఇంజనీరు తన చెవికి నచ్చినట్టు మళ్లీ కట్ చేస్తాడు. టేపుని కాపీ చేసిన ప్రతిసారీ హిస్ అనే సన్నటి బుస పెరుగుతుంది, తాళాల (సింబల్స్) మోత అంచు కొంచెం మొద్దుబారుతుంది. లోహపు అచ్చులే వెళ్తే మాత్రం దేశం మారినా గాడి అదే.

పోల్చే పద్ధతి గురించి ఒక మాట. రెండు కాపీల్లో కాస్త గట్టిగా కట్ చేసినదే ఎవరికైనా మొదట బాగున్నట్టు అనిపిస్తుంది. అందుకని వాల్యూమ్ సమానం చేశాకే వింటాను. రెండింటినీ వాక్యూమ్ మెషీన్‌లో కడుగుతాను. మందం తేడా ఎక్కువగా ఉంటే ముల్లుని మోసే టోన్‌ఆర్మ్ ఎత్తు సరిచేస్తాను. ఇవి చేయకుండా ఒక దేశానికి కిరీటం పెట్టేస్తే ఆ తీర్పుకి విలువ లేదు.

బ్రిటిష్ బ్యాండ్ల విషయంలో నా ఓటు బ్రిటిష్ ప్రెస్సింగులకే, అందులోనూ తొలి కాపీలకు. బ్రిటిష్ రికార్డు కంపెనీ ఈఎమ్ఐ వాళ్ల హేస్ ఫ్యాక్టరీలో అచ్చయిన 60ల రికార్డుల్లో గొంతులు మనిషి ఎదురుగా నిలబడి పాడినట్టు ఉంటాయి. బాస్ బిగువుగా ఉంటుంది, ట్రెబుల్ చెవిలో గుచ్చుకోదు. ఇవి తొలి కాపీలా కాదా అని పోల్చుకోవడానికి చక్కటి దారి ఉంది. డెడ్ వాక్స్‌లో ఏ కట్టో చెప్పే మ్యాట్రిక్స్ నంబరు కిందికి వచ్చేలా రికార్డు పట్టుకుంటే, లేబుల్‌కి ఎడమవైపు మదర్ సంఖ్య, కుడివైపు స్టాంపర్ అక్షరాలు కనిపిస్తాయి. ఆ అక్షరాలు గ్రామోఫోన్ లిమిటెడ్ అనే పేరులోంచి తీసుకున్నవి: జి అంటే 1, ఆర్ అంటే 2, ఎ అంటే 3, అలా వెళ్లి చివరి డి సున్నా అవుతుంది. ఆర్‌జి అని ఉంటే 21వ స్టాంపర్. నా కాపీల్లో తక్కువ సంఖ్యవాటిలో పై స్వరాలు కాస్త తేటగా ఉన్నాయనే నా చెవి చెబుతోంది. కానీ అరగని ఎక్కువ సంఖ్య కాపీ, అరిగిన తక్కువ సంఖ్య కాపీ కన్నా ప్రతిసారీ మేలు.

ఇదే సంగీతం అమెరికాలో కాపిటల్ లేబుల్ మీద ఎలా వచ్చిందో వింటే టేపు కాపీ ఎంత మార్చగలదో అర్థమవుతుంది. 60ల మధ్యలో బీటిల్స్ పాటలు కొన్నిటికి అక్కడ ప్రతిధ్వని కలిపారు. స్టీరియో మిక్స్ లేనిచోట మోనో టేపునే డ్యూఫోనిక్ అనే పద్ధతిలో రెండు చానెళ్లుగా విడదీశారు. చిన్నప్పుడు వాటినే విని పెరిగినవాళ్లకి వాటి మీద ప్రేమ ఉండటం సహజమే. శబ్దం సంగతి అడిగితే మాత్రం నేను వాటిని ఎంచుకోను.

అలాగని అమెరికన్ ప్రెస్సింగులని తక్కువ చేయకూడదు. అక్కడ రికార్డయిన సంగీతానికి అక్కడి తొలి కాపీకి మించినది అరుదు. బ్లూ నోట్ లేబుల్ జాజ్ రికార్డుల డెడ్ వాక్స్‌లో ఆర్‌వీజీ అనో, వాన్ గెల్డర్ అనో ముద్ర ఉంటే, రికార్డు చేసిన రూడీ వాన్ గెల్డరే కట్ కూడా చేశాడని అర్థం. నా దగ్గర ఒక ఆల్బమ్‌కి ఆ ముద్ర ఉన్న కాపీ, తర్వాతి జపాన్ కాపీ రెండూ ఉన్నాయి. జపాన్‌ది నున్నగా, చిటపట లేకుండా తిరుగుతుంది. వాన్ గెల్డర్ ముద్ర ఉన్నదానిలో ట్రంపెట్ గదిలోకి దూసుకొస్తుంది, డ్రమ్స్ దెబ్బ ఒంటికి తగులుతుంది. మధ్యమధ్య టక్కుమనే చప్పుళ్లు భరించి అయినా నేను వినేది దాన్నే. రాక్‌లో ఇలాంటి పేరు కటింగ్ ఇంజనీరు రాబర్ట్ లడ్విగ్‌ది. 1969లో ఆయన కట్ చేసిన లెడ్ జెప్పెలిన్ రెండో ఆల్బమ్‌లో ఆర్‌ఎల్ అనే అక్షరాలుంటాయి. చవక ప్లేయర్లలో ముల్లు గాడి దాటి ఎగిరిపోతోందని దాన్ని మెత్తగా మళ్లీ కట్ చేయించారని చెబుతారు.

అమెరికన్ రికార్డులతో అసలు చిక్కు ఒకే తీరుగా ఉండకపోవడం. ఆర్‌సీఏ కంపెనీకి ఇండియానాపొలిస్, రాకవే, హాలీవుడ్ అని మూడు చోట్ల ప్లాంట్లు ఉండేవి. ఒకే ఆల్బమ్ ఒక ప్లాంటులో బాగా వచ్చి ఇంకోచోట గరగరలాడేది. వాళ్ల లివింగ్ స్టీరియో వరుస ఆర్కెస్ట్రా రికార్డుల్లో నా చెవికి ఇండియానాపొలిస్‌వి నచ్చాయి. 1973 చమురు సంక్షోభం తర్వాత వినైల్ కరువై, పాత రికార్డుల్ని కరిగించిన సరుకు కలపడం పెరిగింది. ఆ రోజుల కాపీల్లో పాటకి ముందు వినిపించే సన్నటి రొద ఎంత కడిగినా పోదు, ఎందుకంటే అది మురికి కాదు, సరుకే అలాంటిది.

జపాన్ విషయానికొస్తే, నిశ్శబ్దంలో దానికి సాటి లేదు. తోషిబా 60ల్లో ఎవర్‌క్లీన్ పేరుతో దుమ్ము పట్టని ఎర్రటి వినైల్ వాడింది. వెలుతురుకి ఎత్తి పట్టుకుంటే ఆ ఎరుపు తెలుస్తుంది. 70ల మొదట్లో విక్టర్, అంటే జేవీసీ, సీడీ-4 అనే నాలుగు చానెళ్ల పద్ధతి తెచ్చింది. అందులో గాడి, అదనపు చానెళ్ల కోసం చెవికి వినపడని 30 కిలోహెర్ట్జ్ క్యారియర్ సంకేతాన్ని కూడా మోయాలి. మామూలు వినైల్ మీద ఆ సన్నటి గీతలు త్వరగా అరిగిపోతాయి కాబట్టి గట్టి సరుకు తయారు చేశారు, ఆ గాడిని చదవడానికి షిబాటా అనే ప్రత్యేక ఆకారపు ముల్లు తయారైంది. చానెళ్ల పద్ధతి నిలబడలేదు గానీ ఆ సరుకూ, ఆ ముల్లూ నిలబడ్డాయి. అమెరికాలోని మొబైల్ ఫిడిలిటీ అనే రికార్డు కంపెనీ వాళ్లు తమ తొలి రికార్డుల్ని జపాన్‌లో జేవీసీ దగ్గర అచ్చు వేయించడానికి కారణం ఇదే.

అయినా విదేశీ సంగీతానికి జపాన్ వాడింది ఎక్కువగా టేపు కాపీలే. చాలా జపాన్ కాపీల్లో ట్రెబుల్ కాస్త ఎక్కువ, బాస్ కాస్త పలచన. ఒంటరి పియానో, గిటార్, చిన్న గొంతు, అంటే నిశ్శబ్దంలోంచి స్వరం పుట్టే సంగీతానికి నేను కళ్లు మూసుకుని జపాన్‌దే తీస్తాను. గట్టిగా మోగే రాక్‌కి తియ్యను. జపాన్‌లోనే రికార్డయిన జాజ్ సంగతి వేరు. అక్కడ మాస్టర్ టేపూ వాళ్లదే, సరుకూ వాళ్లదే, ఆ రెండూ కలిస్తే వచ్చే స్పష్టత వినితీరాలి.

జర్మనీ, నెదర్లాండ్స్ కాపీలు బ్రిటిష్, జపాన్ కాపీల మధ్యలో నిలుస్తాయి. నెదర్లాండ్స్‌లోని బార్న్‌లో అచ్చయిన ఫిలిప్స్ రికార్డులు చదునుగా, శుభ్రంగా ఉంటాయి. 1982లో జర్మన్ కంపెనీ టెల్డెక్ తెచ్చిన డీఎంఎం పద్ధతిలో లాకర్‌కి బదులు నేరుగా రాగి మీదే గాడి కోస్తారు. పాట మొదలవకముందే దాని నీడలా సన్నగా వినిపించే ప్రీ-ఎకో ఇందులో బాగా తగ్గింది. వయొలిన్లు మాత్రం కొన్నిటిలో గీచుకుపోయినట్టు ఉంటాయి.

దేశం పేరు చూసి పక్కన పెట్టేసే రికార్డుల్లోనూ మంచివి దొరుకుతాయి. బ్రిటిష్ డెక్కా పేరు అమెరికాలో వేరే కంపెనీది కావడంతో వాళ్ల శాస్త్రీయ రికార్డులు అక్కడ లండన్ లేబుల్ మీద అమ్మారు. 60ల కాపీలు ఇంగ్లండ్‌లోని డెక్కా న్యూ మాల్డెన్ ఫ్యాక్టరీలోనే అచ్చయి వెళ్లాయి. లేబుల్ తప్ప గాడి డెక్కాదే, పేరు మాత్రం డెక్కా అంత గట్టిది కాదు. సోవియట్ మెలోడియా రికార్డుల్లో సరుకు ప్లాంటుని బట్టి మారుతుంది, కానీ వాళ్ల సొంత ఆర్కెస్ట్రాలకి మాస్టర్ టేపు ఉన్నది అక్కడే. లేబుల్ మీది గోస్ట్ (సోవియట్ ప్రమాణం) 5289 అంకె పక్కన 61, 68, 73, 80 అని ఏది ఉందో చూస్తే కాలం తెలుస్తుంది. కలకత్తా డమ్‌డమ్ ఫ్యాక్టరీలో ఇంగ్లండ్ నుంచి వచ్చిన అచ్చులతో వేసిన కాపీలున్నాయి. గాడి హేస్‌దే కాబట్టి గొంతులో ఆ నిండుతనం ఉంటుంది. చిటపట మాత్రం ఎక్కువ.

ఇక అరుగుదల. బయటి అంచున ముల్లు కింద గాడి సెకనుకి సుమారు 51 సెంటీమీటర్లు పరిగెడుతుంది, లోపలి చివర 21 దగ్గరికి వస్తుంది. అదే స్వరం సగం కన్నా తక్కువ జాగాలో ఇరుక్కుంటుంది కాబట్టి, పాత బరువు ముల్లులు ముందుగా చెడగొట్టేది ప్రతి వైపు చివరి పాటనే. అందుకే ఏ దేశపు కాపీనైనా పరీక్షించాలంటే చివరి పాటలో గొంతు గట్టిగా లేచేచోట ముల్లు పెడతాను. అక్కడ 'స' శబ్దం చీరుకుపోతే ఆ కాపీ మీద ఏ ముద్ర ఉన్నా తీసుకోను. సన్నటి మైక్రోలైన్ ముల్లు వేశాక, పాడైపోయాయనుకున్న కొన్ని కాపీలు మళ్లీ బాగా పలికాయి. ఇది పాత ముల్లులు తాకని గాడి లోతుల్లోకి దిగుతుంది.