తెల్లాపూర్ టవర్‌లో పంతొమ్మిదో అంతస్తు: కాపురం చేశాక తెలిసినవి

హైదరాబాద్ నిజాంపేటలో స్టిల్ట్ ప్లస్ ఫైవ్ (కింద పార్కింగ్, పైన ఐదంతస్తులు) స్టాండలోన్ అపార్ట్‌మెంట్‌ నుంచి తెల్లాపూర్ వైపు గేటెడ్ కమ్యూనిటీకి మారి ఏళ్లు గడిచాయి. "ఎలా ఉంది, తీసుకోవచ్చా?" అనేవాళ్లు మొదట అడిగేది ఫేసింగ్, తర్వాత క్లబ్‌హౌస్. లిఫ్టులెన్ని, బట్టలెక్కడ ఆరేస్తారు అని ఒక్కరూ అడగరు. రోజూ మనకు పని పడేది వాటితోనే.

ముందు ఫేసింగ్ సంగతి. హైదరాబాద్‌లో ఈస్ట్ ఫేసింగ్ అంటే ఎగబడతారు, అదనంగా డబ్బు కట్టి మరీ తీసుకుంటారు. మా టవర్‌లో ఈస్ట్ ఫేసింగ్ అంటే గుమ్మం తూర్పుకు ఉండటం, అంతే. ఆ గుమ్మం తెరుచుకునేది కారిడార్‌లోకి. అక్కడ పట్టపగలు కూడా ట్యూబ్‌లైటే. బాల్కనీ పడమరకు వచ్చింది. ఏప్రిల్, మే నెలల్లో మూడు దాటాక కర్టెన్లు దించి ఏసీ వేయాల్సిందే. రాత్రి తొమ్మిదికి చెయ్యి పెట్టినా గోడ వెచ్చగానే ఉంటుంది. ఎదురు ఫ్లాట్ వెస్ట్ ఫేసింగ్, అన్నిటికన్నా చివర అమ్ముడుపోయింది. పొద్దుటెండ పడేది మాత్రం వాళ్ల బాల్కనీలోనే, తులసి అక్కడ ఏపుగా పెరిగింది. వాస్తు జోలికి నేను పోను, మా నాన్నగారికి తూర్పు గుమ్మం ఉండాల్సిందే. కానీ ఎండకు గుమ్మంతో పని లేదు, కిటికీలు ఎటున్నాయో చూసుకోండి.

ఎత్తులో సుఖం ఉంది. దోమలు తక్కువ, గాలి ధారాళం. పావురాల వల మాత్రం తప్పదు. వ్యూ గురించి ఒక మాట. 2006లో వచ్చిన జీవో 86తో ఇక్కడ ఎఫ్‌ఎస్‌ఐ (స్థలం విస్తీర్ణానికి ఎన్ని రెట్లు కట్టొచ్చన్న లెక్క) పరిమితి పోయింది. రోడ్డు వెడల్పు, చుట్టూ వదిలే ఖాళీ స్థలాన్ని బట్టి ఎంత ఎత్తు కట్టుకోవచ్చో తేలుతుంది. పై అంతస్తుకు ఫ్లోర్ రైజ్ పేరుతో అదనంగా డబ్బు కట్టేముందు ఎదురుగా ఉన్న ఖాళీ జాగా, దాని పక్క రోడ్డు చూడండి. మా బాల్కనీకి ఎదురుగా ఇప్పుడు క్రేన్ తిరుగుతోంది.

లిఫ్టు దగ్గర అసలు పరీక్ష స్కూల్ బస్సు వేళకి. ఒకటి సర్వీసుకి ఆగితే చాలు, పిల్లల బ్యాగులు, ఆఫీసువాళ్లు, పనమ్మాయిలు అంతా లాబీలోనే.

నీళ్ల టెన్షన్ తగ్గింది. నిజాంపేటలో ఎండాకాలం వస్తే ట్యాంకర్ కోసం వాచ్‌మన్‌ని పదిసార్లు అడిగేవాళ్లం. ఇక్కడికీ ట్యాంకర్లు వస్తాయి, కాకపోతే ఆ ఖర్చు మెయింటెనెన్స్‌లో కలిసిపోతుంది. మాది చదరపు అడుగుకు 3.75 రూపాయలు, 1,750 అడుగులకు నెలకు 6,500 పైనే. పెద్ద ఫ్లాట్ల వాళ్లకు నెలకు 7,500 దాటడంతో 18 శాతం జీఎస్టీ కూడా పడుతోంది. ఇక ఆ 1,750లో కార్పెట్ ఏరియా, అంటే గోడల లోపల మనం వాడుకునే చోటు, 1,240. పాత ఫ్లాట్ ఇంతకన్నా చిన్నదే, అయినా అక్కడ ఫ్లాట్లు తక్కువ కాబట్టి భూమిలో మా వాటా ఎక్కువ. భూమి మీద ఆశ ఉన్నవాళ్లకు టవర్ కుదరదు.

పై ఫ్లాట్ బాత్రూం నుంచి మా సీలింగ్‌కి చెమ్మ దిగింది. బిల్డరు మనుషులు ఇదిగో అదిగో అన్నారు. రెరా (ఇళ్లు కొనేవాళ్ల రక్షణకు వచ్చిన రియల్ ఎస్టేట్) చట్టం ప్రకారం ఫ్లాట్ అప్పగించిన 5 ఏళ్లలోపు పనిలో లోపం బయటపడి మనం తెలియజేస్తే, 30 రోజుల్లో ఉచితంగా సరిచేయాలి. ఆ సెక్షన్ 14 రాసి మెయిల్ పెట్టాక మేస్త్రీ వచ్చాడు. అప్పగించిన తేదీ కాగితం జాగ్రత్తగా దాచుకోండి.

నాన్నగారికి మాత్రం ఇది స్వర్గమే. సాయంత్రం పోడియం (పార్కింగ్ పైన అందరికీ ఉమ్మడిగా ఉండే డాబా లాంటి చోటు) మీద వాకింగ్, నలుగురు స్నేహితులు. నిజాంపేటలో గేటు దాటితే బైకుల భయం ఉండేది.

అమ్మ బాధ వేరు. వంటింటి పక్క యుటిలిటీలో వాషింగ్ మెషీన్ పెట్టాక మిగిలేది మనిషి నిలబడేంత చోటు, దుప్పటి ఆరేస్తే సింక్ మీద పడుతుంది. బాల్కనీ రెయిలింగ్ మీద బట్టలు వేయొద్దని రూలు. టెర్రస్‌కి తాళం, కాబట్టి వడియాలు లేవు, ఊరమిరపకాయలు లేవు. పోయిన వేసవిలో ఆడవాళ్లంతా గట్టిగా అడిగితే పోడియం మీద ఒక మూల వదిలారు. ఇప్పుడు దాన్ని కూడా బ్యాడ్మింటన్ కోర్టులా యాప్‌లో బుక్ చేసుకోవాలని కమిటీ అంటోంది.