జాజ్ ఏ ఆల్బమ్‌తో మొదలుపెడితే మేలు?

జాజ్ వినడం ఎక్కడ మొదలుపెట్టాలని ఎవరిని అడిగినా ముందుగా వచ్చే పేరు మైల్స్ డేవిస్ 'కైండ్ ఆఫ్ బ్లూ'. నా జవాబూ అదే. అయితే దాన్ని పని చేసుకుంటూ పెట్టుకుని, 'ఏదో హోటల్ లాబీ సంగీతంలా ఉంది' అని వదిలేసినవాళ్లు చాలామంది ఉన్నారు. అందుకే మరో రెండిటి పక్కన పెట్టి చూద్దాం: డేవ్ బ్రూబెక్ క్వార్టెట్ 'టైమ్ అవుట్', జాన్ కోల్ట్రేన్ 'ఎ లవ్ సుప్రీమ్'.

చెవికి వెంటనే పట్టేది 'టైమ్ అవుట్'. ఇందులోని 'టేక్ ఫైవ్' పేరు తెలియకపోయినా ఎక్కడో ఒకచోట వినే ఉంటారు. అది ఐదు లెక్కల నడక. మన ఐదు లెక్కల తాళం ఖండచాపు ఎరిగినవాళ్లకు కొత్తేమీ కాదు, కాకపోతే మనం రెండు, మూడుగా విరిచేదాన్ని వాళ్లు మూడు, రెండుగా విరిచారు. 'బ్లూ రోండో అలా టర్క్'లో తొమ్మిది లెక్కలు 2+2+2+3గా పరుగెడతాయి. 1958 పర్యటనలో ఇస్తాంబుల్ వీధి కళాకారుల దగ్గర బ్రూబెక్ విన్న నడక అది. మృదంగమో తబలానో నేర్చుకున్నవాళ్లు నిస్సందేహంగా ఇక్కడే మొదలుపెట్టవచ్చు. మిగతావాళ్ల విషయంలో నాకు ఒక అభ్యంతరం ఉంది. ఇక్కడ తాళమే ముందుకొచ్చి కూర్చుంటుంది, మనోధర్మం, అంటే అప్పటికప్పుడు అల్లుకుంటూ వాయించడం, దాని వెనక పడుతుంది. జాజ్‌కు ప్రాణం ఆ మనోధర్మమే.

'ఎ లవ్ సుప్రీమ్' 1965లో వచ్చింది. నాలుగు భాగాలు, అరగంట పైచిలుకు. మూడిట్లో నాకు అత్యంత ప్రియమైనది ఇదే, అయినా కొత్తవాళ్లకు ముందుగా ఇవ్వను. మూడో భాగంలోని ఉధృతి అలవాటు లేని చెవికి గోలలా తోచవచ్చు. చివరి భాగం 'సామ్'లో మాత్రం కోల్ట్రేన్ తాను దేవుడికి రాసుకున్న ప్రార్థనను నోటితో పలకకుండా, అక్షరం అక్షరం శాక్సోఫోన్‌లో పలికించాడు. సాహిత్యం మనసులో పెట్టుకుని కీర్తన వాయించే నాదస్వరం విన్నవాళ్లకు ఆ పద్ధతి ఎవరూ వివరించక్కర్లేదు.

ఇక 'కైండ్ ఆఫ్ బ్లూ'. 1959 మార్చిలో ఒక రోజు, ఏప్రిల్‌లో ఒక రోజు, న్యూయార్క్‌లో రికార్డు చేశారు. మైల్స్ ఈ బాణీల చట్రాలను రికార్డింగుకు కొన్ని గంటల ముందే అనుకున్నాడని పియానో వాయించిన బిల్ ఎవాన్స్ ఆల్బమ్ అట్ట మీద రాశాడు. అంటే మనం వినేదాంట్లో చాలామటుకు అప్పటికప్పుడు పుట్టిందే. మొదటి ట్రాక్ 'సో వాట్' మీద ఆధారపడిన స్వరాల వరస మన ఖరహరప్రియ రాగానిదే. ఆ రాగంలోని త్యాగరాజ కీర్తన 'చక్కని రాజమార్గములు' విన్న చెవికి ఆ మెట్లు తెలుసు. స్వరాలను ఊపి పలికించే గమకాలు ఉండవు కాబట్టి రాగాన్ని వెతక్కండి. నాలుగేసి లెక్కల 32 ఆవర్తాల చట్రంలో 16 అయ్యాక ఒక ఎనిమిదింటికి మొత్తం అర స్వరం పైకి జరిగి, మళ్లీ కిందికి దిగుతుంది. ఆధార షడ్జం, అంటే శ్రుతిలోని 'స', కదలని సంగీతంలో పెరిగిన మనకు అక్కడ ఉలికిపాటు తప్పదు. ఆ ఉలికిపాటును గుర్తుపట్టగలిగితే సగం జాజ్ పట్టుబడ్డట్టే.

ఒకే చట్రం మీద ముందు మైల్స్ ట్రంపెట్, తర్వాత కోల్ట్రేన్, ఆపైన మరో శాక్సోఫోన్ కళాకారుడు క్యానన్‌బాల్ ఆడర్లీ వాయిస్తారు. మైల్స్ రెండు స్వరాలు వేసి ఆగుతాడు. కోల్ట్రేన్ ఆ ఖాళీ కూడా నింపేస్తాడు. ఆడర్లీ చేతిలో అదే చట్రం హుషారెక్కుతుంది. ముగ్గురి స్వభావాలు ఇంత పక్కపక్కనే, ఇంత స్పష్టంగా మిగతా రెండు ఆల్బముల్లో దొరకవు. నేను దీన్ని ముందు పెట్టడానికి కారణం ఇదే.

మొత్తం ఆల్బమ్ ఒకేసారి వద్దు. ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని 'సో వాట్' ఒక్కటే మూడుసార్లు వినండి, ఒక్కోసారి ఒక్కొక్కరినే పట్టుకుని. తర్వాత చివరి ట్రాక్ 'ఫ్లెమెంకో స్కెచెస్'కు వెళ్లండి. అందులో ఐదు స్వర వరసలు రాగమాలికలా ఒకదాని వెంట ఒకటి వస్తాయి, ఒక్కోదానిలో ఎంతసేపు ఉండాలన్నది వాయించేవాళ్ల ఇష్టం. అప్పటికీ మనసు పట్టకపోతే 'టేక్ ఫైవ్'లో జో మొరెలో డ్రమ్స్ విని, ఒక నెల ఆగి మళ్లీ రండి. 'ఎ లవ్ సుప్రీమ్'ను మాత్రం ఈ రెండూ అయ్యాకే తెరవండి.