రెగ్యులర్ 8, సూపర్ 8: ఏది మేలు?

పాత హోమ్ మూవీ కెమెరాల మీద మనసు పడ్డ ప్రతివారూ అడిగే ప్రశ్న ఇదే. రెండూ 8 మిల్లీమీటర్ల ఫిల్ము రకాలే. చర్చ ఎప్పుడూ బొమ్మ నాణ్యత దగ్గరే ఆగిపోతుంది. అందులో సూపర్ 8దే పైచేయి. 1965లో కొడాక్ అంచు రంధ్రాలను కుదించి, మిగిలిన చోటును ఫ్రేముకు ఇచ్చింది. పైగా ఫిల్ము ముందే చుట్టి ఉన్న డబ్బీని, అంటే కార్ట్రిడ్జ్‌ను, లోపలికి నొక్కితే చాలు, ఫిల్ము ఎక్కించినట్టే. సెకనుకు 18 ఫ్రేముల చొప్పున మూడు నిమిషాల ఇరవై సెకన్లు తీయవచ్చు.

1932 నాటి రెగ్యులర్ 8కు ఓపిక కావాలి. 16 మిల్లీమీటర్ల వెడల్పున్న 25 అడుగుల ఫిల్మును ఒక పక్క తీశాక, నీడ పట్టున తిరగేసి రెండో పక్క తీయాలి. డెవలప్ చేశాక నిలువునా చీల్చి అతికిస్తారు. తిరగేశామో లేదో గుర్తులేక మళ్లీ నడిపితే, పెళ్లి ఊరేగింపు మీదుగా సముద్రపు అలలు పోతాయి!

అయినా నా ఓటు రెగ్యులర్ 8కే. ఎందుకంటే నాణ్యత కంటే ముందు కెమెరా నడవాలి కదా. ఆ తరం కెమెరాల్లో ఎక్కువ భాగం స్ప్రింగు మీద నడిచేవే. కీ తిప్పి మీట నొక్కితే అర నిమిషం పాటు గరగరమంటూ తిరుగుతాయి. తలుపు తీసి, ఫిల్ము లేకుండానే నడిపి చూడండి. ఫిల్మును లాగే గోరు కిందికీ పైకీ ఆడుతూ కనిపిస్తుంది, వేగం తగ్గితే చప్పుడే చెబుతుంది. సూపర్ 8లో సాధారణంగా మోటారు, వెలుతురు కొలిచే మీటరు రెండూ బ్యాటరీ కరెంటు మీదే ఆధారం. బ్యాటరీ గదిలో పచ్చటి చిలుము పట్టిందంటే అనుమానించాల్సిందే. చాలా మోడళ్ల లైట్ మీటర్లకు కావలసిన 1.35 వోల్టుల పాదరసపు బ్యాటరీలు ఇప్పుడు తయారు కావడం లేదు. 1.5 వోల్టులది పెడితే రీడింగు తప్పవచ్చు. సర్క్యూటు పోతే దాదాపు అంతే సంగతులు.

సూపర్ 8 వైపు గట్టి వాదన ఫిల్ముది. ప్రొజెక్టర్‌లో వేసి చూడాలంటే డెవలప్ చేయగానే అసలు బొమ్మే వచ్చే రివర్సల్ ఫిల్మే కావాలి, నెగెటివ్ వేస్తే రంగులు తిరగబడతాయి. సూపర్ 8కు ఎక్టాక్రోమ్ అనే రంగుల రివర్సల్ ఫిల్ము ఉంది. రెగ్యులర్ 8కు సులువుగా దొరికేది నలుపు తెలుపే. రంగులే ముఖ్యమైతే నా మాట పక్కన పెట్టండి.

ఇక మిగతా రకాల్లో, 1922 నాటి పాథే కంపెనీ 9.5 మిల్లీమీటర్లది సేకరణకు ముచ్చటే, ఫిల్ము దొరకడం కష్టం. ఫూజీ కంపెనీ వారి మరో 8 మిల్లీమీటర్ల రకం సింగిల్-8 కార్ట్రిడ్జ్‌ల తయారీ ఆగిపోయింది. 16 మిల్లీమీటర్లదానికి ఖర్చు ఎక్కువ.

ప్రొజెక్టర్ మాత్రం రెగ్యులర్ 8, సూపర్ 8 రెండూ ఆడేది చూసుకోండి. రబ్బరు బెల్టు జిగురుగా మారిందేమో వేలితో తాకి చూడండి. మొదట పనికిరాని ఫిల్ము ముక్క నడపండి. రంధ్రాలు చిరగకుండా బయటికొస్తేనే ఇంటి రీలు ఎక్కించండి.