స్లీవ్, బైపాస్ ఆపరేషన్ల తర్వాత ఏటిగట్టు మీద నడక-పరుగు: చాలాకాలం వాడాక సమీక్ష

బరువు తగ్గే ఆపరేషన్ (పొట్టలో చాలా భాగం కోసి తీసేసే స్లీవ్, లేదా పొట్టను చిన్న సంచిలా చేసి నేరుగా పేగుకు కుట్టే బైపాస్; ఇది గుండె బైపాస్ కాదు) అయినవాళ్లు పరుగు మొదలుపెట్టడానికి ఈ పద్ధతిని మించింది నాకు కనబడలేదు. కాసేపు పరుగు, కాసేపు నడక, అంతే. కాకపోతే కోనసీమ ఉక్కలో కాళ్ల కంటే ముందు మొరాయించేది నీళ్ల లెక్క.

పొట్ట చిన్నదైపోయింది గనక చెంబెత్తి గటగటా తాగడం కుదరదు. తాగితే రొమ్ము కింద పట్టేసి వాంతవుతుంది. ఇక్కడి గాలిలో చెమట కారుతుందే గానీ ఆరదు, ఒళ్లు చల్లబడదు. అందుకే ముందురోజు నుంచే గుక్క గుక్కగా, మొత్తం మీద లీటరున్నరకు తగ్గకుండా తాగుతూ రావాలి. పరుగులో సన్నమూతి సీసా పట్టుకుని, నడక వంతు వచ్చినప్పుడల్లా ఒక చిన్న గుక్క. కొబ్బరినీళ్లు మంచివే, కానీ వాటిలో పొటాషియం ఎక్కువ, సోడియం తక్కువ. చెమటలో పోయేది ముఖ్యంగా సోడియం. బాగా చెమట పట్టిన రోజు లీటరు నీళ్లలో ఒక ఓఆర్ఎస్ ప్యాకెట్ నయం. బీపీ, కిడ్నీ జబ్బు ఉంటే డాక్టర్ని అడిగాకే. చెరకురసం జోలికి పోవద్దు. ముఖ్యంగా బైపాస్ అయినవాళ్లకు తీపి ఒక్కసారిగా పేగుల్లోకి దిగి గుండెదడ, కళ్లు తిరగడం, విరేచనాలు వస్తాయి. పూతరేకులదీ అదే కథ.

సర్జన్ సరేనన్నాకే మొదలుపెట్టాలి. మూడు నెలలు ఆగితే నష్టమేమీ లేదు. ముందు అరగంట ఆగకుండా చురుగ్గా నడవగలగాలి. ఆ తర్వాత ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాలు నడక, ఆరుసార్లు. వారానికి మూడు రోజులు, రోజు విడిచి రోజు. పక్కవాళ్లతో మాట్లాడలేకపోతే వేగం ఎక్కువైనట్టే. షుగర్, బీపీ మాత్రల మోతాదు బరువుతోపాటు తగ్గించారో లేదో చూపించుకోవాలి, పాత మోతాదుతో పరుగెత్తితే కళ్లు తిరిగి పడిపోయే ప్రమాదం ఉంది.

బరువు తగ్గే వేగంలో ఎముకా కండా కూడా పలచబడతాయి. రోజుకు కనీసం 60 గ్రాముల ప్రోటీన్, రాసిచ్చిన కాల్షియం, డి విటమిన్ మానకూడదు. మోకాలి కింద ముందరి ఎముక మీద వేలితో నొక్కితే ఒకేచోట చురుక్కుమంటుంటే పరుగు ఆపి చూపించుకోవాలి. నొప్పికి డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ మందుల షాపులో కొని మింగేయకండి. బైపాస్ కుట్టు దగ్గర పుండు పడుతుంది. పారాసిటమాల్ చాలు.

ఏటిగట్టు తెల్లవారుజామున బాగుంటుంది. అయితే రోడ్డు అంచు ఒకవైపు వాలుగా ఉండటంతో ఒక మోకాలే బరువంతా మోస్తుంది. బండ్లు లేని చోట నడిమధ్యకు రావాలి. కోతల రోజుల్లో ధాన్యం బరకాలు రోడ్డంతా పరిచేస్తారు, వాన పడితే మట్టిగట్టు జారుతుంది. అప్పుడు కాలేజీ గ్రౌండే గతి.

పాదం కూడా సన్నబడుతుంది, పాత బూట్లు వదులై మడమ ఒరుసుకుంటుంది. సాయంత్రం పూట కొలత చూసుకుని కొత్తవి కొనాలి. వేలాడే చర్మానికి బిగుతు షార్ట్స్, దాని అంచుల్లో వాజలీన్ తప్పనిసరి.