పొలం గట్టున తాడా, ఈతా? గీత కుటుంబానికి ఏది మేలు

విజయవాడ, గుంటూరు చుట్టుపక్కల తరాలుగా గీత పనిలో, అంటే చెట్టు గీసి కల్లు తీసే పనిలో ఉన్న కుటుంబానికి ఎకరమో రెండెకరాలో సొంత నేల ఉంటే, గట్టున ఏ చెట్టు పెంచాలన్న ప్రశ్న ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది. రెండూ కల్లిచ్చేవే. కాకపోతే తాడి గెలలోంచి, అంటే పూగుత్తిలోంచి ఇస్తుంది, ఈత మానులోంచి ఇస్తుంది. మిగతా తేడాలన్నీ అక్కణ్నుంచే పుడతాయి.

ముందు కాలం లెక్క చూడండి. తాటి టెంక మొలిచి గెల వెయ్యడానికి తక్కువలో తక్కువ పన్నెండేళ్లు, చాలాచోట్ల పదిహేను దాటుతుంది. అది పోతుతాడో (మగ చెట్టు) పండుతాడో (కాయ కాసే ఆడ చెట్టు) కూడా గెల వేసేదాకా తెలియదు. పైగా టెంకలోంచి వచ్చే తేగ నిలువునా నేలలోకి దిగుతుంది కాబట్టి నారు పెంచి, పీకి నాటుదామంటే బతకదు. ఎక్కడ నిలబడాలో అక్కడే టెంక పాతాలి. ఈతకు ఆ పేచీ లేదు. సంచుల్లో మొక్క పెంచి నాటొచ్చు, ఆరేడేళ్లకు కత్తి పెట్టొచ్చు.

నేల సంగతికొస్తే, బాపట్ల వైపు ఇసుక పర్రలకూ డెల్టా నల్లరేగడి గట్లకూ తాడే సరి. వేరు లోతుకు పోతుంది, గాలివానకు తట్టుకుంటుంది, నీడ తక్కువ కాబట్టి పక్కన వరికి నష్టం ఉండదు. వాగు ఒడ్డు, పల్లం, నీరు నిలిచే మూల ఉంటే మాత్రం ఈత పెట్టండి.

ఇక గీత. తాటి గెలను కొన్నాళ్లపాటు కర్రలతో నొక్కి, మెల్లగా తట్టి మెత్తబరచాలి. తర్వాత పొద్దున, సాయంత్రం కొసను ఉల్లిపొర మందాన కోసి ముంత కట్టాలి. మందంగా కోస్తే గెల తొందరగా అయిపోతుంది. ఒక పూట మానేస్తే కోసిన మొహం ఎండి ధార తగ్గుతుంది. అంటే రోజుకు రెండుసార్లు, అరవై డెబ్భై అడుగులు, మోకు మీద నమ్మకంతో. ఇంట్లో ఎక్కే మనిషి లేకపోతే ఎన్ని తాళ్లున్నా ఏం లాభం?

ఈత పొట్టి. మొవ్వు (చెట్టు తలలోని లేత చిగురు) కింద మట్టలు తీసి, ఒక పక్క మాను చెక్కి, కింద వెదురు పుల్ల దిగ్గొట్టి కుండ కడతారు. కొన్ని రోజులు గీసి, కొన్ని రోజులు ఆరబెట్టాలి. ఆరాక వచ్చే మొదటి గీత రసమే తియ్యన. మరుసటి ఏడు ఎదురు పక్క గీయాలి. లోతుగా చెక్కితే మొవ్వు వాలి చెట్టు చస్తుంది. పచ్చి గాయంలో ఎర్ర ముక్కుపురుగు గుడ్లు పెట్టినా అంతే. తాటికి గెల పోతే ఇంకో గెల ఉంటుంది, ఈతకు ఉన్నది ఒకటే మొవ్వు.

రుచి విషయంలో చెట్టుకంటే రుతువే గట్టిది. ఈత గీత చలికాలంలో, తాటి గీత ఎక్కువగా ఎండాకాలంలో. మన ఎండలకు తాటి ముంత పొద్దెక్కేసరికే నురగ కట్టి పులుస్తుంది. చలికాలపు ఈత రసం ఇంకాస్త ఎక్కువసేపు నిలుస్తుంది. నీరాగా, అంటే పులవని తియ్యటి రసంగా అమ్మాలంటే ముంత లోపల సున్నం పూసి, తెల్లవారకముందే దించి, చల్లగా దాచాలి. సున్నం తక్కువైతే పులుపు ఆగదు, ఎక్కువైతే నాలుక గీరుతుంది, ఆ రసంతో కాచే బెల్లం రంగు మారుతుంది. ముంతను రోజూ కడిగి, ఎండలో ఆరబెట్టడం చాలామంది వదిలేస్తారు. నిన్నటి మడ్డి చెంచాడున్నా ఈ రోజు రసం మొత్తాన్ని పులిపిస్తుంది.

ఆదాయంలో తాడి ముందుంటుంది. చలికాలంలో తేగలు, వేసవిలో ముంజలు, ఆకు, మాను అన్నీ డబ్బే. అయితే పండుతాటి గెల గీస్తే ఆ గెలకు ముంజలుండవు. కాబట్టి పోతుతాళ్లు గీసి, పండుతాళ్లను ముంజలకు వదిలెయ్యడం తెలివి. ఈతకు చాపలు, బుట్టలు, చీపుళ్లు ఉన్నా వాటి బేరం చిన్నదే.

చెట్టు మన గట్టుదే కదా అని గీస్తే కుదరదు. ఏ చెట్టుకైనా ఎక్సైజ్ అనుమతి ఉండాలి.

మా మాటగా చెప్పాలంటే, ఉన్న తాడిని కొట్టకండి. గట్టు పొడవునా పది అడుగులకో టెంక పాతండి, పల్లపు మూలలో పాతిక ఈత మొక్కలు పెట్టండి. తాళ్లు గెల వేసేనాటికి ఈతలు ఏడెనిమిది చలికాలాలు గీసి ఉంటారు.