వాన నీళ్లు సంపులోకా, ఇంకుడు గుంతలోకా?

హైదరాబాద్‌లో ఇల్లు కడుతూ ఈ రెండింటి మధ్య ఊగుతున్నవాళ్లకి ముందు ఒక లెక్క: 120 గజాల డాబా మీద 20 మిల్లీమీటర్ల వాన పడితే దాదాపు 2,000 లీటర్లు. సంపులోకి వదిలితే అవి కళ్లముందే ఉంటాయి, మొదటి వాన నీళ్లు బయటికి పోనిచ్చి మిగతావి వడగట్టుకుంటే బట్టలకీ గిన్నెలకీ హాయిగా సరిపోతాయి. కానీ గట్టి వానలు రెండు పడితే నిండిపోతుంది, ఆ తర్వాతదంతా రోడ్డు పాలే.

గుంత అలా కాదు, అడుగున పెద్ద రాళ్లు, పైన కంకర, ఆపైన ఇసుక, తాగుతూనే ఉంటుంది. మా ఇంట్లో రెండేళ్లు ఆ ఇసుక కడగకపోతే బురద పేరుకుని చిన్న కుంటయింది (తప్పు మాదే). కొంచెం తవ్వగానే బండ తగిలే చోట, చెరువు పక్కన తడి నేలలో మాత్రం గుంత దండగ. నన్నడిగితే చిన్న సంపు కట్టి, పొర్లే నీళ్లని గుంతలోకి తిప్పేయండి.