క్రాప్ సెన్సర్ కెమెరాకు ఏ ఫిష్‌ఐ? సామ్యాంగ్ 8ఎంఎం, టోకినా 10-17

ఫిష్‌ఐ అంటే దృశ్యాన్ని చాలా వెడల్పుగా, వంపుగా చూపించే లెన్స్. క్రాప్ సెన్సర్ అంటే ఫుల్ ఫ్రేమ్ (పాత 35ఎంఎం ఫిల్మంత) సెన్సర్ కన్నా చిన్నది. నా టోకినా 10-17ఎంఎం ఫిష్‌ఐతో తీసిన ఫోటోలు చూసినవాళ్లందరూ నన్ను ఒకటే అడుగుతున్నారు: "సామ్యాంగ్ ఉండగా ఇదెందుకు కొన్నావు? పైగా నీ కెమెరాలో దీనికి ఆటోఫోకస్ కూడా రాదు కదా!"

రాదు, నిజమే. నాది నికాన్ డి5600. దాని బాడీలో ఫోకస్ మోటార్ లేదు, నికాన్ మౌంట్ (అంటే నికాన్ బాడీకి తగిలే) టోకినాలోనూ లేదు. అంటే సామ్యాంగ్‌లాగే దీన్నీ చేత్తోనే తిప్పుకోవాలి. కెనాన్ వాళ్లకు ఈ బాధ లేదు, వాళ్ల మౌంట్ టోకినాలో మోటార్ లోపలే ఉంటుంది. అయినా ఫిష్‌ఐ విషయంలో ఆటోఫోకస్ గురించి టెన్షన్ పడేవాళ్లను చూస్తే నాకు ఆశ్చర్యమే. సామ్యాంగ్ 8ఎంఎంకు ఎపర్చర్ (వెలుతురు వచ్చే రంధ్రం) ఎఫ్8 పెట్టి, ఫోకస్‌ను అర మీటరు దూరంలో వదిలేస్తే, పావు మీటరు నుంచి కనుచూపు మేర దాకా అంతా స్పష్టంగానే వస్తుంది. కాకపోతే రింగు మీది అంకెలను గుడ్డిగా నమ్మొద్దు. ఒకసారి లైవ్ వ్యూలో (కెమెరా వెనక తెర మీద) జూమ్ చేసి చూసుకుని, సరైన చోట చిన్న టేపు ముక్క అంటించుకుంటే సరి.

నా లెక్కలో అసలు తేల్చేది ఒక్కటే: లెన్స్ వస్తువుకు ఎంత దగ్గరగా వెళ్లగలదు అన్నది. సామ్యాంగ్ 8ఎంఎం ఎఫ్3.5కు కనీస ఫోకస్ దూరం 30 సెంటీమీటర్లు, టోకినాకు 14. వినడానికి ఇదేమంత తేడా అనిపించదు. కానీ ఆ కొలత మొదలయ్యేది ముందు గాజు దగ్గర కాదు, లోపలి సెన్సర్ దగ్గర. సెన్సర్ నుంచి ముందు గాజు దాకానే దాదాపు 12 సెంటీమీటర్లు పోతాయి. అది తీసేస్తే సామ్యాంగ్‌కు మిగిలేది జానెడుకు కాస్త తక్కువ. టోకినాకు మిగిలేది రెండు వేళ్ల ఎడం కూడా కాదు.

ఫిష్‌ఐ ప్రతిదాన్నీ దూరంగా నెట్టేస్తుంది. రెండు అడుగుల దూరంలో ఉన్న మనిషి వీధి చివర నిలబడినట్టుంటాడు. ఈ లెన్స్‌తో ఫోటో ఖాళీగా కనిపించకూడదంటే వస్తువు మీదికి ఎగబడాల్సిందే. మొన్న ఒక మందార పువ్వు తీశాను. జానెడు దూరం నుంచి చూస్తే ఫ్రేములో అది చొక్కా బొత్తంలా ఉంది. ఇంకా ముందుకు జరిగాను. రేకులు సగం ఫ్రేము ఆక్రమించాయి, కేసరం మీది చీమ కాళ్లతో సహా కనబడింది, వెనకాల చెట్టు, గోడ, ఆకాశం మొత్తం విల్లులా వంగి పువ్వును చుట్టుకున్నాయి. అప్పటికి ముందు గాజుకు పుప్పొడి అంటుకుంది, అది వేరే సంగతి! గాజు ఉబ్బుగా ఉంటుంది కాబట్టి ముందు ఫిల్టర్ పెట్టే వీల్లేదు. మెత్తటి గుడ్డ జేబులో ఉండాలి. ఇంత దగ్గరలో అంతా స్పష్టంగా రాదు, లెన్స్ నీడ కూడా పువ్వు మీద పడుతుంది. అందుకే ఫోకస్ రింగును చివరికంటా తిప్పి, ఎండ పక్కనుంచి వచ్చేలా నిలబడి, ఒళ్లు ముందుకూ వెనక్కూ ఊపుతూ తీస్తాను. ఆటోఫోకస్ ఉన్నా ఇలాగే తీసేవాణ్ణి.

దీనికితోడు జూమ్. 10 దగ్గర మూల నుంచి మూలకు 180 డిగ్రీలు, 17 దగ్గర సుమారు 100. వంపు తగ్గించుకోవాలనిపించినప్పుడు ఇది పనికొస్తుంది.

సామ్యాంగ్‌ను తక్కువ చేయట్లేదు. టోకినా చేయలేని పని అది ఒకటి చేస్తుంది. మామూలు ఫిష్‌ఐలు అంచుల్లో ఉన్నదాన్ని నొక్కేస్తాయి. గ్రూప్ ఫోటోలో చివరి మనిషి తల పక్కనుంచి పిండినట్టు వస్తుంది. సామ్యాంగ్‌ది స్టీరియోగ్రాఫిక్ ప్రొజెక్షన్. అంచుల్లో వస్తువు సైజు పెరుగుతుందేమో గానీ, ఆకారం అంతగా చెడదు. మనుషులతో నిండిన ఫోటోలే ఎక్కువ తీసేవాళ్లకు నేను చెప్పేది సామ్యాంగే. ఎదురు వెలుగులో కొమ్మలు తీస్తే టోకినాలో అంచుల వెంట ఊదా రంగు గీత పడుతుంది. దాన్ని ఎడిటింగ్‌లో తీసేయాలి. నికాన్ వాళ్లు సామ్యాంగ్ కొంటే చిప్ ఉన్న ఏఈ మోడలే తీసుకోండి. చిప్ లేనిదైతే డి5600 లాంటి బాడీల్లో మీటరింగ్ (కెమెరా వెలుతురు కొలవడం) కూడా రాదు. కెనాన్ క్రాప్ సెన్సర్ నికాన్‌దాని కన్నా కాస్త చిన్నది కాబట్టి దాని మీద సామ్యాంగ్ కోణం 180 కాదు, 167 డిగ్రీలు.

మిగతావి క్లుప్తంగా. నికాన్ 10.5ఎంఎం ఎఫ్2.8 కూడా 14 సెంటీమీటర్ల దాకా వెళ్తుంది, జూమ్ లేదు, దానికీ బాడీలో మోటార్ కావాలి. సిగ్మా 10ఎంఎం ఎఫ్2.8 మోటార్‌తో వస్తుంది, దగ్గరికీ వెళ్తుంది, సెకండ్ హ్యాండ్‌లో మంచిది దొరికితే వదలొద్దు. కెనాన్ 8-15 ఫుల్ ఫ్రేమ్‌కు మారే ఆలోచన ఉన్నవాళ్లకు. సిగ్మా 4.5 గుండ్రటి బొమ్మ ఇస్తుంది, నాలుగు ఫోటోలకే మొహం మొత్తుతుంది. ఫుల్ ఫ్రేమ్ కోసం చేసిన 15, 16ఎంఎం ఫిష్‌ఐలను క్రాప్ బాడీకి తగిలిస్తే అటు ఫిష్‌ఐ కాదు, ఇటు వైడ్ కాదు.

మిర్రర్‌లెస్ (లోపల అద్దం లేని) కెమెరాల వాళ్లకు సామ్యాంగ్ 8ఎంఎం ఎఫ్2.8 అని చిన్నది వేరే ఉంది. సోనీ, ఫ్యూజీ వాళ్లు ముందు అది చూడండి. నికాన్ మిర్రర్‌లెస్ అయిన జెడ్‌కు మారేవాళ్లు మాత్రం ఒకటి గుర్తుంచుకోండి: పాత నికాన్ మౌంట్ లెన్స్‌లను జెడ్‌కు తగిలించే ఎఫ్‌టీజెడ్ అడాప్టర్‌లోనూ మోటార్ లేదు, కాబట్టి అక్కడ కూడా టోకినాను నాలాగే ఒళ్లు ఊపుతూ వాడుకోవాల్సిందే.